చుక్కల్లో రాసిన పేరు

పాత ఇత్తడి బిందె, మూత బిగుసుకుపోయిన మరచెంబు, తుప్పు పట్టిన కత్తిపీట, చక్రం తిరగని కుట్టుమిషను. ఇలాంటివి పాతసామాన్ల కొట్లలో వెతికి తెచ్చుకుని, మరమ్మతు చేసి, మెరిపించి ఇంట్లో పెట్టుకోవడం ఇప్పుడు చాలామందికి ఇష్టమైన వ్యాపకం. మంచి వ్యాపకమే. వాడి పారేయడమే అలవాటైపోయిన రోజుల్లో ఒక వస్తువుని తూకానికి పోకుండా కాపాడటం చిన్న విషయం కాదు. అందులో ఓపిక ఉంది, చేతి నేర్పు ఉంది. ఈ పని ఇష్టంగా చేస్తున్న ఆడవాళ్లలో చాలామంది మనలాంటివాళ్లే. చదువుకున్నవాళ్లు, ఉద్యోగం ఉన్నవాళ్లు, తీరిక కొంతైనా సంపాదించుకున్నవాళ్లు. అందుకే దీన్ని గురించి మనలో మనం మాట్లాడుకోవాలి. పాత వస్తువుని 'పునరుద్ధరించడం' అంటున్నామే, దానికి మనం తిరిగి ఇస్తున్నది ఏమిటి? దాని మీంచి చెరిపేస్తున్నది ఏమిటి?

ఆ బిందె వాడకంలో ఉన్నన్నాళ్లూ ఎవరో ఒకరు దాన్ని రోజూ పునరుద్ధరిస్తూనే ఉన్నారు. చింతపండు, ఉప్పు, బూడిద, ఇటుకపొడి, కొబ్బరిపీచు పెట్టి తోమితే తళతళలాడేది. మళ్లీ రెండు రోజులకి నల్లబడేది. మళ్లీ తోమేవాళ్లు. దాన్ని ఎవరూ కళ అనలేదు, నైపుణ్యం అనలేదు. 'అంట్లు తోమడం' అన్నారు. అదే పని ఒక ఆదివారం మధ్యాహ్నం ఇష్టపడి చేస్తే హాబీ అవుతుంది. మగవాళ్లు చేతికి తొడుగులు వేసుకుని బఫింగ్ మిషను ముందు కూర్చుంటే అది ఏకంగా సాంకేతిక నైపుణ్యం అవుతుంది. తేడా పనిలో లేదు. ఈ రోజు చెయ్యను అనగలిగే హక్కులో ఉంది. పాత వస్తువుల అందం గురించి రాసేవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది ఈ హక్కునే.

ఇక మెరుపు సంగతి. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం. గాలీ తడీ తగిలి పైపొర నల్లబడుతుంది. పులుపు నిలవ ఉంటే పచ్చటి చిలుము పడుతుంది. చింతపండు చేసే పని ఆ పైపొరని వదిలించడం. బఫింగ్ చక్రం అక్కడితో ఆగదు. మకిలితో పాటు లోహాన్నీ కొంచెం అరగదీస్తుంది. ఆ తర్వాత మెరుపు నిలవడానికి కొందరు లక్కర్ పూత వేయిస్తారు. అలా పూత వేసిన గిన్నె మళ్లీ పొయ్యెక్కదు. అద్దాల బీరువాలోకి వెళుతుంది, లేదా అందులో ఒక మనీప్లాంటు మొలుస్తుంది. లోహం ఎంత మందం ఉందీ, ఎంత అరిగిందీ మనకి పెద్దగా పట్టదు. కానీ ఆ పలచటి పొరతో పాటు పోయేది ఇంకొకటి ఉంది. గిన్నె మీద కొట్టించిన పేరు.

తెలుగు ఇళ్లలో పెరిగినవాళ్లకి ఈ పేర్ల గురించి చెప్పనక్కర్లేదు. చిన్న ఉలి మొనతో, సుత్తితో, చుక్క పక్కన చుక్క పెట్టి అక్షరాలు కూర్చేవారు. తర్వాత దానికీ కరెంటు మిషన్లు వచ్చాయి. ఇంటిపేరులోంచి ఒక అక్షరం, ఒక పేరు, ఒక్కోసారి ఊరు, తేదీ. గిన్నె ఇచ్చినవాళ్ల పేరు కావచ్చు, పుచ్చుకున్నవాళ్ల పేరు కావచ్చు. పెళ్లిళ్లకీ పేరంటాలకీ ఇంటింటి నుంచీ గిన్నెలు చేరితే, ఆఖర్న ఎవరివి వాళ్లకి చేరడానికి ఆ చుక్కలే ఆధారం. ఇప్పుడు పాత ఇత్తడి కొనేవాళ్లలో కొందరు 'ఎవరిదో పేరు మనింట్లో ఎందుకు, అది కూడా పోయేలా పాలిష్ పట్టండి' అని అడగడం నేను విన్నాను. వాళ్లకి అది మచ్చ.

నాకు మాత్రం ఆ చుక్కలు దస్తావేజులా కనిపిస్తాయి. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్, స్త్రీ స్వాధీనంలో ఉన్న ఆస్తి మీద ఆమెకి పూర్తి హక్కు ఇచ్చింది. కానీ పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా రావడానికి ఆంధ్రప్రదేశ్‌లో 1986 సవరణ దాకా ఆగాల్సి వచ్చింది. అప్పటికే పెళ్లయిపోయిన కూతుళ్లకి అదీ దక్కలేదు. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. భూమి అన్నదమ్ములకి పోయాక, ఇల్లు అన్నదమ్ములకి పోయాక, ఆడపిల్ల వెంట బండెక్కింది సారె సామాను. ఇంత బంగారం, ఇన్ని చీరలు, ఇన్ని గిన్నెలు. 1985లో ప్రతిభారాణి వర్సెస్ సూరజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు, స్త్రీధనం పూర్తిగా ఆమెదేననీ, అత్తింటివాళ్ల దగ్గర ఉన్నా వాళ్లు దాన్ని నమ్మకం మీద ఉంచుకున్నవాళ్లు మాత్రమేననీ, తిరిగి ఇవ్వకపోతే నమ్మకద్రోహ నేరం అవుతుందనీ చెప్పింది. బాగుంది. కానీ 'ఇది నాది' అని నిరూపించుకోవాలంటే గుర్తు కావాలి కదా. కూతురి గిన్నెల మీద పేరు కొట్టించి పంపిన తల్లులకి కోర్టు తీర్పులు తెలియకపోవచ్చు. ఇత్తడి మీద రాత పడితే కాదనడం కష్టమని మాత్రం తెలుసు.

అయితే ఆ పేరు ఎప్పుడూ ఆమెదే అయి ఉంటుందన్న భ్రమ అక్కర్లేదు. విమల 'వంటిల్లు' కవిత మనందరికీ తెలుసు. సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో 1993లో వచ్చిన 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' రెండో సంపుటం ద్వారా ఇంగ్లీషు పాఠకులకీ తెలుసు. తల్లిని వంటింటి మహారాణి అంటారనీ, ఆ వంటింటి గిన్నెల మీద మాత్రం తండ్రి పేరే ఉందనీ అందులో విమల చెబుతుంది. ఆ కవితని మనం వంటింటి బందిఖానా మీద విమర్శగా ఇన్నేళ్లూ చదువుకున్నాం. ఇప్పుడు దాన్ని మళ్లీ చదివితే నాకు ఇంకో సంగతి తడుతోంది. విమల అక్కడ గిన్నెని చేతిలోకి తీసుకుని, తిప్పి, దాని మీద ఉన్నది చదివింది. రాణి అన్న పొగడ్తని ఒక వైపు, చుక్కల్లో ఉన్న యజమాని పేరుని ఇంకో వైపు పెట్టింది. అబద్ధం దానంతటదే బయటపడింది. గిన్నె సాక్ష్యం చెప్పబట్టే ఆ పొగడ్త నిలవలేదు. ఆ గిన్నెలే ఎవరో మోజుపడి కొనుక్కుని నున్నగా పాలిష్ పట్టించారనుకోండి. 'మా అమ్మమ్మల కాలం నాటి వైభవం' అని చెప్పుకోవడానికి ఇక ఏ అడ్డూ ఉండదు.

పి. సత్యవతి 'ఇల్లలకగానే' ఇదే ముడిని ఇంకోవైపు నుంచి విప్పుతుంది. ఇల్లు అలికి, తుడిచి, కడిగి ముగ్గుపెట్టుకునే ఇల్లాలు ఒకరోజు తన పేరే మర్చిపోతుంది. భర్తకీ పిల్లలకీ ఇరుగుపొరుగుకీ ఆ పేరుతో పని లేదు. చివరికి చిన్ననాటి స్నేహితురాలు పేరుపెట్టి పిలిస్తే గానీ తాను శారదనని గుర్తు రాదు. ఆ కథలో అలకడం, చెరిగిపోవడం ఒకే చేతి కదలిక. ఇల్లు ఎంత శుభ్రమైతే ఆమె అంతగా కనపడకుండా పోయింది. ఇంటిని తళతళలాడించడమే మంచితనమని నేర్పిన సంస్కృతి, ఆ తళతళలో ఎవరు మాయమయ్యారో అడగనివ్వదు. పాత గిన్నెల మెరుపు చూసి మురిసిపోయేటప్పుడు నేను శారదని తల్చుకుంటాను.

మా కుటుంబంలో ఒక గుండిగ ఉంది. దాని మెడ కింద ఒక ఆడపేరు ఉంది. అది మా అమ్మమ్మ పేరు కాదు, ముత్తమ్మమ్మ పేరూ కాదు. అడగ్గా అడగ్గా ఒక పెద్దావిడ చెప్పింది, అది మా తాతయ్య మొదటి భార్య పేరట. ఇరవై ఏళ్లు నిండకుండానే కాన్పులో పోయిందట. ఆమె ఫోటో లేదు. ఆమె గురించి ఎవరూ మాట్లాడుకున్న గుర్తు లేదు. పుట్టింటివాళ్లు పెట్టిన సారె మాత్రం అత్తింట్లోనే ఉండిపోయింది. ఆ గుండిగలోనే మా అమ్మమ్మ యాభై ఏళ్లు వండింది. అంటే యాభై ఏళ్లు ఆ పేరుని తోముతూ వచ్చింది. చేత్తో తోమింది కాబట్టే అది ఇంకా చదవడానికి వీలుగా ఉంది. ఆ పిల్ల ఈ లోకంలో ఉందనడానికి మా దగ్గరున్న ఒకే ఒక్క కాగితం ఆ ఇత్తడి.

పాత వస్తువు ఎవరిది అన్న ప్రశ్నని కథగా మలిచినవాళ్లలో అలిస్ వాకర్‌ని మించినవాళ్లు నాకు కనపడరు. 1973లో వచ్చిన 'ఎవ్రీడే యూజ్' కథలో ఊళ్లో తల్లి, ఒళ్లు కాలిన మచ్చలతో బెరుకుగా బతికే చిన్నకూతురు మ్యాగీ ఉంటారు. పట్నంలో చదువుకుని పేరు మార్చుకున్న పెద్దకూతురు డీ ఇంటికి వస్తుంది. ఆమెకి వెన్న చిలికే తొట్టి మూత కావాలి, బల్ల మీద అలంకారంగా పెట్టుకోవడానికి. చిలికే కర్ర కావాలి, దాన్ని ఏదో కళాత్మకంగా మార్చుకోవడానికి. అమ్మమ్మ కుట్టిన బొంతలు కావాలి, గోడకి వేలాడదీయడానికి. తొట్టిలో పాలు ఇంకా ఉన్నాయన్నది ఆమెకి అడ్డు కాదు. ఆ చిలికే కర్రని ఎవరు చెక్కారని మాట వస్తే జవాబు చెప్పేది మ్యాగీ. తల్లి ఆ కర్రని ఒక్క క్షణం చేతిలోకి తీసుకుంటుంది. తరాల చేతులు పట్టీ పట్టీ బొటనవేళ్లూ వేళ్లూ దిగిన గుంటలు ఆమెకి కనిపిస్తాయి. మన కవ్వాలకీ, రోకళ్లకీ ఉన్నవి అవే గుంటలు. కొత్త పిడి వేయించి, ఇసుక కాగితం పెట్టి నున్నగా రుద్ది, వార్నిష్ కొట్టించినప్పుడు మొదట పోయేవి అవే.

ఈ కథ చదివి డీని తిట్టుకోవడం సులువు. కానీ ఈ పత్రిక చదివే మనలో ఎక్కువమంది డీలమే. చదువు కోసం ఊరు విడిచాం. వంటింటి నుంచి బయటపడ్డాం. బయటపడినందుకు సిగ్గుపడాల్సిన పని లేదు. వస్తువుని వాడితేనే గౌరవం, చూసుకుంటే అపచారం అన్న నీతి కూడా నాకు సమ్మతం కాదు. ఇడ్లీపిండికి గంటసేపు పొత్రం తిప్పిన చేతులకి వెట్ గ్రైండర్ వచ్చినప్పుడు కలిగిన ఊరట నిజమైనది. 'రోట్లో రుబ్బిన పచ్చడి రుచే వేరు' అనే మాట రుబ్బనివాళ్ల నోట ఎక్కువగా వినిపిస్తుంది. తల్లి బొంతల్ని మ్యాగీకి ఇచ్చింది మ్యాగీ వాటిని కప్పుకుంటుందని ఒక్కటే కాదు. వాటి వెనక మనుషులు మ్యాగీకి తెలుసు, ఆ కుట్టు కూడా ఆమె చేతికి తెలుసు. డీకి వస్తువు తెలుసు, మనుషులు తెలియరు. ఆ తెలియనితనం పోగొట్టుకోవచ్చు. అందుకు మళ్లీ రోటి దగ్గర కూలబడక్కర్లేదు.

మనుషులు అన్నప్పుడు, ఏ మనుషులు? 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో దళిత స్త్రీల సాహిత్యంతో 'నల్లపొద్దు' వచ్చాక, 'తెలుగింటి వంటిల్లు' అని ఏకవచనంలో మాట్లాడే వీలు మనకి లేదు. సారెలో ఇత్తడి గుండిగలు వచ్చినవి ఎవరి ఇళ్లకి? మట్టికుండా సత్తుగిన్నే తప్ప లేని ఇళ్లలో వారసత్వంగా మెరిపించుకోవడానికి ఏం మిగిలి ఉంటుంది? ఉన్న ఒక్క బిందే కరువు రోజుల్లో తాకట్టుకి పోయి తిరిగి రాకపోతే, ఆ పేరు ఇప్పుడు ఏ షాపులో ఉంది? గుండిగ మా అమ్మమ్మ తోమింది అన్నాను. చాలా ఇళ్లలో తోమింది ఇంటావిడ కూడా కాదు. తోమిన మనిషికి పెరట్లో వేరే గ్లాసు పెట్టి ఉండేది. ఆ గ్లాసుని ఎవరూ పునరుద్ధరించరు.

కొలత పాత్రలనే తీసుకోండి. సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం వరసగా పేర్చి పెడితే ముచ్చటగా ఉంటాయి. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. 1956 తూనికలు కొలతల చట్టంతో మెట్రిక్ పద్ధతి వచ్చాక ఇవి మెల్లమెల్లగా వాడుక నుంచి తప్పుకున్నాయి. వంటింట్లో బియ్యం కొలిచినవే కళ్లంలో కూలిగింజలూ కొలిచాయి. కోతకి వెళ్లిన ఆడమనిషికి మగవాడి కంటే తక్కువ గింజలు పడింది వాటితోనే. తలకొట్టి పోశారా, కుప్పగా పోశారా అన్న దాని మీద ఆ పూట పిల్లల కడుపులు ఆధారపడ్డాయి. షోకేసులో ఉన్న మానికని చూసి 'ఎంత ముద్దుగా ఉందో' అనుకునేటప్పుడు, అది ఎవరి వైపు నుంచి కొలిచిందో అడగాలి. తిరగలి సంగతీ అంతే. రాయి అరిగి నున్నబడితే గింజ నలగదు. అప్పుడు వీధుల్లో కేకేసుకుంటూ వచ్చి ఉలితో కక్కుకొట్టి గరుకు చేసి వెళ్లినవాళ్లు ఉన్నారు. తిరగలిని నిజంగా పునరుద్ధరించింది వాళ్లే. తోటలో అలంకారంగా పెట్టిన తిరగలికి వాళ్ల అవసరం లేదు.

ఇక ఇత్తడి పంపు స్టవ్వు. పాతవస్తువుల మోజు ఉన్నవాళ్లకి ఇది ప్రియమైనది. 1892 ప్రాంతంలో స్వీడన్‌లో మొదలైన ప్రైమస్ నమూనా ఇది. పంపు కొట్టి ఒత్తిడి పెంచితే కిరసనాయిలు వేడి గొట్టంలో ఆవిరై, సన్నటి రంధ్రంలోంచి నీలిమంటగా వస్తుంది. వాషరు మార్చి, రంధ్రం పిన్నుతో శుభ్రం చేసి మళ్లీ వెలిగించడం సరదాగానే ఉంటుంది. కానీ ఈ దేశంలో ఒక తరం ఆడవాళ్లకి 'స్టవ్ పేలి కోడలి మృతి' అన్న వార్త గుర్తుంది. స్టవ్వులు నిజంగా పేలిన సందర్భాలూ ఉన్నాయి. కానీ కోడళ్ల చేతుల్లోనే అన్ని పేలడం ఏమిటని మహిళాసంఘాలు రోడ్డెక్కి అడిగాయి. 1983లో 498ఎ, 1986లో వరకట్న మరణాలకి 304బి సెక్షన్లు శిక్షాస్మృతిలోకి వచ్చాయి. 2024 జులై నుంచి అవి భారతీయ న్యాయసంహితలో వేరే నంబర్లతో ఉన్నాయి. చేసినవాళ్ల పేరు ఉండాల్సిన చోట పత్రికల్లో ఒక వస్తువు పేరు నిలబడింది. ఆ వస్తువుని డ్రాయింగు రూములో పెట్టుకోవద్దని నేను అనను. దాన్ని చూసి ముచ్చటపడే పిల్లలకి ఈ సంగతి కూడా చెప్పాలి అంటాను.

మ్యూజియాలు ఈ పని మనకంటే బాగా చేస్తాయా? అహ్మదాబాద్‌లో విశాలా దగ్గర 1981లో మొదలైన పాత్రల మ్యూజియంలో వేల సంఖ్యలో గిన్నెలూ చెంబులూ ఉన్నాయి. పుణేలో దినకర్ కేల్కర్ జీవితమంతా సేకరించిన అడకత్తెరలు, దీపాలు, వంటపాత్రలు ఉన్న మ్యూజియానికి, చిన్నతనంలోనే పోయిన ఆయన కొడుకు రాజా పేరు ఉంది. ఒక తండ్రి దుఃఖాన్ని తప్పుపట్టలేం. ఈ సేకరణలు లేకపోతే ఆ వస్తువులన్నీ కరిగిపోయి ఉండేవి. అయినా ఆడవాళ్ల చేతుల్లో అరిగిన అన్ని వస్తువుల మధ్య తిరిగేటప్పుడు, ఆ చేతుల పేర్ల కోసం కళ్లు వెతుకుతాయి. మ్యూజియం చీటీ మీద సాధారణంగా ఉండేది లోహం, ప్రాంతం, శతాబ్దం. వాడిన మనిషి ఉండదు.

అదే మహారాష్ట్రలో ఇంకో దారి కూడా కనిపిస్తుంది. గీ ప్వాత్వాఁ, హేమా రాయిర్కర్ 1980ల నుంచి ఊరూరా తిరిగి, తిరగలి దగ్గర ఆడవాళ్లు పాడుకునే పాటలు సేకరించారు. లక్షకి పైగా పాటలు. ఇప్పుడవి పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా దగ్గర ఉన్నాయి. అక్కడ పాట పక్కన పాడినామె పేరు, ఊరు, కులం, వయసు, పిల్లలెందరు, ఏం పని చేస్తుంది అన్నవి ఇస్తారు. పిండిమరలు వచ్చి తిరగలి మూలపడింది. కానీ దాన్ని తిప్పిన ఆడవాళ్లు పేర్లతో సహా మిగిలారు. పునరుద్ధరణ అన్న మాటకి నాకు తెలిసిన మంచి అర్థం ఇదే. తెలుగులో బిరుదురాజు రామరాజు, నెదునూరి గంగాధరం వంటివాళ్లు శ్రమపడి సేకరించిన జానపద గేయాలని మళ్లీ తెరిచినప్పుడు మనం వేసుకోవాల్సిన ప్రశ్న కూడా అదే. ఈ పాట పాడినామె ఎవరు?

కాబట్టి ఈ వ్యాపకం ఉన్న స్నేహితులకి కొన్ని మాటలు. పాత గిన్నె ఇంటికి తెచ్చుకున్నాక, తోమే ముందు దాన్ని పక్కవాటు వెలుతురులో తిప్పి చూడండి. చుక్కలు కనిపిస్తే పలచటి కాగితం అదిమిపెట్టి పెన్సిలుతో అడ్డంగా రుద్దండి, అక్షరాలు కాగితం మీదకి వస్తాయి. ఆ చోట చక్రం పెట్టించకండి, చింతపండూ ఉప్పూ చాలు. గిన్నెని వండడానికి వాడాలనుకుంటే కళాయి వేయించండి. గిన్నెని వేడిచేసి, నవాసాగరం పొడి చల్లి, కరిగిన తగరాన్ని దూదితో లోపలంతా ఒక్క ఊపులో పూసే ఆ పనివాళ్లు ఇప్పుడు అరుదు. అడిగిన డబ్బు బేరమాడకుండా ఇవ్వండి. ఆ తెల్లటి పొగ వాళ్ల ఊపిరితిత్తుల్లోకే పోతుంది. పిడి మీద వేళ్ల గుంటలు ఉంటే ఉండనివ్వండి. వస్తువు ఎక్కడ దొరికింది, అమ్మినవాళ్లు ఏం చెప్పారు, ఎవరు వాడారు, ఎవరు తోమారు, తెలిసినంత వరకు ఒక చీటీ మీద రాసి అందులో పెట్టండి. మన ఇళ్లలో ఉన్న గిన్నెలయితే ఇంకా తొందరపడాలి. ఆ పేర్లు ఎవరివో చెప్పగల పెద్దవాళ్లు రోజురోజుకీ తగ్గిపోతున్నారు.

రచయిత్రులుగా మనకి ఇదేమీ కొత్త పని కాదు. ముద్రణకి నోచుకోని డైరీలూ, ఉత్తరాలూ, పాత పత్రికల్లో మరుగునపడ్డ రచనలూ వెతికి తీసి స్త్రీల సాహిత్య చరిత్రని కూర్చుకున్నాం. రాయడం రాని ఆడవాళ్లకి ఆ చరిత్రలో చోటు ఎక్కడ అన్న ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది. వాళ్లలో కొందరి పేర్లు మన అటకల మీద, తిరగేసి పెట్టిన బిందెల కింద, చుక్కల్లో ఉన్నాయి. కిందికి దించి చదవాల్సింది మనమే.